హెచ్‌టీఎల్ కూడా వొకేషనలేనండీ!

మొన్న వియన్నాలో ఉగాది భోజనాల దగ్గర ఒకావిడ, "మావాడికి హెచ్‌టీఎల్‌లో సీటొచ్చిందండీ, ఇన్ఫర్మాటిక్స్" అని సంబరంగా చెప్పారు. హెచ్‌టీఎల్ అంటే ఆస్ట్రియాలో సాంకేతిక చదువులు చెప్పే పెద్ద బడి. పులిహోర రెండోసారి వడ్డించేలోపే మాట ఇంకో ఇంటి మీదికి మళ్లింది. "వాళ్లమ్మాయిని వొకేషనల్‌లో వేశారట, పాపం" అన్నదీ ఆవిడే.

అప్పుడు నేనేమీ అనలేదు. ఆస్ట్రియా లెక్కల్లో హెచ్‌టీఎల్ కూడా వొకేషనలే. అయిదేళ్ల చదువు, చివర మటూరా పరీక్ష, అది పాసైతే యూనివర్సిటీకి వెళ్లొచ్చు. ఆపైన మూడేళ్లు ఆ రంగంలో పనిచేసి ఇంటర్వ్యూలో నెగ్గితే 'ఇంజెన్యూర్' అని పేరు ముందు పెట్టుకోవచ్చు. 2017 నుంచి ఆ అర్హతకు ఇక్కడ బ్యాచిలర్ డిగ్రీతో సమానమైన స్థాయి ఇస్తున్నారు.

ఆస్ట్రియాలో మన ఇంటర్ స్థాయి పిల్లల్లో దాదాపు 70 శాతం వొకేషనల్ దారిలోనే ఉన్నారు. పక్కనున్న చెక్ దేశంలోనూ ఇంచుమించు అంతే. యూరోపియన్ యూనియన్ మొత్తానికి సుమారు సగం, సైప్రస్‌లో అయిదో వంతుకు కాస్త అటూ ఇటూ. ఈ అంకెలను ర్యాంకుల లిస్టులా చదవడం మనకు అలవాటు. కానీ ఒక్కో అంకెలో ఒక్కో రకం మనుషులున్నారు. ఆస్ట్రియా 70లో బేకరీలో పని నేర్చుకునే కుర్రాడూ ఉన్నాడు, హెచ్‌టీఎల్‌లో ప్రోగ్రామింగ్ చదివే కుర్రాడూ ఉన్నాడు. ఫిన్లాండ్ అంకె కూడా పెద్దదే, అయితే అందులో ఉద్యోగాలు చేస్తూ మళ్లీ చదువుకొచ్చిన పెద్దవాళ్లు బోలెడుమంది. బడి ముగించి నేరుగా అటు వెళ్లే పిల్లలు నూటికి నలభై మందే.

తెలుగువాళ్లకు చేతిపని అంటే చిన్నచూపని అంటుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. 1986 జాతీయ విద్యా విధానం, 1995 కల్లా ఇంటర్ స్థాయి పిల్లల్లో 25 శాతం వొకేషనల్‌లో ఉండాలంది. ఆ దరిదాపులకు కూడా వెళ్లలేదు. ఎలా వెళ్తారు? ఇంటర్ వొకేషనల్ చదివినవాడు ఇంజనీరింగ్ వైపు రావాలంటే విడిగా బ్రిడ్జి కోర్సు రాయాలి. ఇక్కడిలా పిల్లల్ని చేర్చుకుని పని నేర్పే యజమాని అక్కడ అసలు లెక్కలోనే లేడు. అదే పాలిటెక్నిక్‌ని చూడండి. ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు కాబట్టి మనవాళ్లు దానికి ఎగబడుతూనే ఉన్నారు. చేతులకు మసి అంటుతుందని మనం భయపడలేదు, దారి అక్కడితో ఆగిపోతుందని భయపడ్డాం.

ఇక్కడి పద్ధతిలోనూ నాకు గిట్టనిది ఒకటుంది. పదేళ్ల పిల్లల్ని నాలుగో తరగతి మార్కులు చూసి గిమ్నాజియం (యూనివర్సిటీ చదువుల వైపు నడిపే బడి), మిట్టెల్‌షూలె (మామూలు మాధ్యమిక బడి) అని విడదీయడం. జర్మన్ ఇంకా నోటికి పట్టని మన పిల్లలకు అది అన్యాయమే. ఆ ఏడాది ఇంట్లో టెన్షన్ చెప్పనక్కర్లేదు. అయితే మిట్టెల్‌షూలెలో చదివిన పిల్లలు కూడా పద్నాలుగేళ్లకు హెచ్‌టీఎల్‌లో చేరొచ్చని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. స్కూలువాళ్లు ఓపెన్ డే పెట్టినప్పుడు వెళ్లి, ఈ చదువు ఏ పరీక్షతో ముగుస్తుంది, ఆ తర్వాత ఎటు వెళ్లొచ్చు అని అడగండి.

ఇంతకీ ఆ 'పాపం' అమ్మాయి మెకట్రానిక్స్‌లో, అంటే యంత్రాలూ ఎలక్ట్రానిక్సూ కలిసిన పనిలో, అప్రెంటిస్‌గా చేరింది. నెలనెలా జీతం తీసుకుంటూ పక్కనే మటూరాకు కూడా చదువుతోంది. 2008 నుంచి అప్రెంటిస్‌లకు ఆ శిక్షణ ఉచితం. భోజనాల దగ్గర ఆవిడకు ఇదంతా చెప్పలేకపోయాను. ఈ పత్రిక వాళ్లింటికి కూడా వెళ్తుంది.