ఒక్క యూడెవ్ రూల్‌తో కవలల్ని గుర్తుపట్టలేం

గ్రూపుల్లో తెగ తిరుగుతున్న చిట్కా ఇది: "లైనక్స్‌లో యూఎస్‌బీ సీరియల్ పోర్టుల పేర్లు మారుతున్నాయా? టెన్షన్ వద్దు. ఎప్పుడూ ఒకే వరుసలో గుచ్చండి. అప్పటికీ మారితే వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీలతో ఒక యూడెవ్ రూల్ రాయండి. ఒకేలాంటివి రెండుంటే సీరియల్ నంబర్ కూడా కలపండి. ఇక పేరు మారదు."

యూడెవ్ అంటే లైనక్స్‌లో గుచ్చిన పరికరాలకి మనకి కావాల్సిన పేర్లు తగిలించే ప్రోగ్రామ్, దానికి మనం రాసిచ్చే సూచనే రూల్. వెండర్ ఐడీ తయారీదారు నంబర్, ప్రోడక్ట్ ఐడీ మోడల్ నంబర్. ఈ మూడు సలహాలూ నమ్మి దెబ్బతిన్నాను. మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కి రెండు ఆర్ఎస్485 అడాప్టర్లున్నాయి, మీటర్ల తీగల్ని యూఎస్‌బీకి కలిపేవి. రెండూ సీహెచ్340 చిప్‌వే, ఒకే షాపులో కొన్నవే. అవతలి చివర ఒకే మోడల్ మీటర్లు, ఒకటి సోలార్ లైన్‌కి, ఒకటి మెయిన్ లైన్‌కి. ఒకసారి కరెంటు పోయి వచ్చాక చూస్తే, రాత్రి తొమ్మిదింటికి సోలార్ 1.4 కిలోవాట్లు ఇస్తోందని స్క్రీన్ చెప్తోంది!

ముందు వరుస సంగతి. బూట్ అయ్యేటప్పుడు అన్నీ గుచ్చే ఉంటాయి. లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కంట ఏది ముందు పడితే అది టీటీవై యూఎస్‌బీ0 (మొదటి పోర్టు పేరు) అవుతుంది, మనం గుచ్చిన వరుసతో దానికి పనిలేదు. పైగా ప్రోగ్రామ్ పోర్టు తెరిచి ఉండగా కేబుల్ క్షణం వదులైనా చాలు. పాత నంబర్‌ని ప్రోగ్రామ్ ఇంకా పట్టుకునే ఉంటుంది కాబట్టి అదే అడాప్టర్ కొత్త నంబర్‌తో లేస్తుంది.

వెండర్, ప్రోడక్ట్ ఐడీలు మోడల్‌ని చెప్తాయంతే. నా రెండూ 1ఏ86:7523. రూల్ రెండింటికీ వర్తిస్తుంది, ఒకే సిమ్‌లింక్ (మారుపేరు) కోసం రెండూ పోటీపడతాయి. వేర్వేరు మోడళ్లున్నవాళ్లకి మాత్రం ఈ రూల్ చక్కగా పనిచేస్తుంది. చిట్కాకి ఇంత పేరొచ్చింది అందుకే.

అసలు బోల్తా కొట్టించేది సీరియల్ నంబర్. సీహెచ్340జీలో ఆ నంబరే ఉండదు. ఇలాంటిదే ఇంకో చిప్ సీపీ2102, దాని బోర్డులు చాలావాటికి ఫ్యాక్టరీలో వేసిన 0001 అలాగే ఉంటుంది. ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ అసలైన చిప్‌లయితే సాధారణంగా దేని నంబర్ దానికుంటుంది, అవి కొన్నవాళ్లు అదృష్టవంతులు. నేను పరికరం వివరాలు చూపే యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో కమాండ్ -a ఆప్షన్‌తో కొట్టి చూస్తే సీరియల్ 0000:01:00.0 అని కనిపించింది, దొరికిందని సంబరపడ్డాను. తీరా అది అడాప్టర్‌ది కాదు, పైనున్న యూఎస్‌బీ కంట్రోలర్ పీసీఐ అడ్రస్, అంటే కంప్యూటర్ లోపల దాని చిరునామా! ఆ కమాండ్ డివైస్ దగ్గర ఆగదు, తల్లి, తాత అంటూ పైకి పోతూ అందరి వివరాలూ చూపిస్తుంది. ఆ నంబర్ ఒక్కటే రూల్లో పెడితే కంట్రోలర్ కింద ఉన్న సీరియల్ పోర్టులన్నీ నావే నావే అంటాయి. వెండర్ ఐడీతో కలిపి పెడితే అసలేదీ కలవదు, ఎందుకంటే ఒక రూల్లోని ఆ రెండు వివరాలూ ఒకే తరానికి చెందాలి. తయారీదారు, మోడల్, సీరియల్‌లతో లైనక్స్ తానే పేర్లు కట్టే బై-ఐడీ ఫోల్డర్ వాడమనేవాళ్లకీ ఇదే జవాబు: సీరియల్ లేకపోతే అక్కడా కవలలిద్దరికీ ఒకే పేరు.

మరి గుర్తేది? గుచ్చిన చోటే. డెవ్ (లైనక్స్‌లో పరికరాలుండే ఫోల్డర్) కింద సీరియల్ ఫోల్డర్‌లోని బై-పాత్ లింకుల్లో 1.2, 1.3 అంటూ పోర్టు స్థానం ఉంటుంది. వాటినే ప్రోగ్రామ్‌లో రాసుకుని, పోర్టుల పక్కన మార్కర్‌తో "సోలార్", "మెయిన్" అని రాశాను. కేబుల్ వేరే పోర్టులోకి మార్చితే పేరూ మారిపోతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

ఇంకో పనీ చేశాను. మీటర్లతో మాట్లాడే పద్ధతి మోడ్‌బస్, అందులో ప్రతి మీటర్‌కీ ఒక అడ్రస్ ఉంటుంది. నా మీటర్లు రెండింటికీ ఆ అడ్రస్ 1 ఉండటంవల్లే ఆ రాత్రి తప్పు మీటర్ తడుముకోకుండా జవాబిచ్చింది. వాటిని 11, 12 చేశాను. ఇప్పుడు ఎవరైనా కేబుళ్లు తారుమారు చేస్తే తప్పుడు లెక్క రాదు, జవాబే రాదు.