సార్ట్ కార్డులో పేర్లు పెట్టే పిల్లకాయలారా, కొంచెం ఆగండి

మా అనంతపురం పక్క పేర్లు పెట్టడం అంటే వంకలు పెట్టడం. పెళ్లికి పోయి కడుపునిండా తిని, ఓళిగలో నెయ్యి తక్కువైందని వచ్చే వాళ్లని పేర్లు పెట్టేవాళ్లు అంటాం. ఇప్పుడు అదే పని మెయిన్‌ఫ్రేమ్‌లో (పెద్ద కంపెనీల భారీ కంప్యూటర్లో) కూడా మొదలుపెట్టినారు కొత్త పిల్లోళ్లు, నోరు మూసుకుని కూర్చుంటే నా ఇరవై ఏండ్ల సర్వీసుకు అవమానం కాబట్టి రాస్తాండా.

తెలీనోళ్ల కోసం: ఐబీఎం వాళ్లది డీఎఫ్‌సార్ట్ అని ఒకటుంది, లక్షల రికార్డుల్ని చెప్పిన వరసలో పేర్చి ఇస్తాది. దాని ప్రోగ్రాం పేరు ఐస్‌మ్యాన్, మే నెల మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్లో నిలబడి ఆ పేరు తలుచుకుంటే కొంచెం చల్లగా కూడా అనిపిస్తాది. దానికి మేము సార్ట్ కార్డు అనే లైనులో సార్ట్ ఫీల్డ్స్=(47,5,జడ్‌డి,డి) అని రాసిస్తాం. అంటే 47వ బైటు నుంచి 5 బైట్లు, జోన్డ్ డెసిమల్ (బైటుకొక అంకె), పెద్దది ముందు. ఆ 47లో ఏముందంటే లేఔట్ (ఏ బైటులో ఏముందో రాసిన కాగితం) చూడాల, లేఔట్ ఎక్కడుందంటే నన్ను అడగాల, నేను టీకి పోయుంటే వచ్చేదాకా ఆగాల. నా అప్రైజల్ మొత్తం ఈ మూడు మెట్ల మీదే నిలబడుండాది.

ఇంతలో ధర్మవరం అమ్మాయి ఒకామె టీంలో చేరింది. చేరిన వారానికే సిమ్‌నేమ్స్ అని ఒక డీడీ స్టేట్‌మెంట్ (ఏ బైట్లకి ఏ పేరో ప్రోగ్రాంకి చెప్పే జాబితా) పెట్టింది, అందులో కస్టమర్,1,30,సీహెచ్ (అంటే మామూలు అక్షరాలు) అని ఒక లైను, ఊరు,*,16,సీహెచ్ అని ఒక లైను, బాకీ,*,5,జడ్‌డి అని ఒక లైను, అంతే. ఇంక సార్ట్ కార్డులో ఫీల్డ్స్=(బాకీ,డి) అని రాసేసింది. చదివితే అర్థమైపోతాంది! ఎవరు చదివినా! ఆ * గుర్తుకి అర్థం "ముందుది అయిపోయిన చోటు నుంచి" అంట, లెక్క అదే వేసుకుంటాదంట. ఇరవై ఏండ్లు వేళ్ల మీద లెక్కబెట్టి కళ్లజోడు తెచ్చుకున్నోణ్ని, నాకు చెప్తాంది.

నేను ఊరుకుంటానా, మాన్యువల్ తిరగేసి వంకలు వెతికినా. పేరు 50 అక్షరాలు దాటకూడదు. అంకెతో మొదలవకూడదు. బాకీని ఒకచోట పెద్దక్షరాలతో, ఇంకోచోట చిన్నక్షరాలతో రాస్తే రెండూ వేరే వేరే మనుషులు అంటాది. దాని సొంత పదాలు పేర్లుగా పనికిరావు, సీహెచ్ అని పెడితే ఒప్పుకోదు, మరి ఇంటిపేరు సీహెచ్ అని రాసుకునే వాళ్లంతా ఏమైపోవాల? ఇది సామాజిక అన్యాయం కాదా అని మీటింగులో అడిగినా, ఎవరూ మైకు ఆన్ చెయ్యలేదు.

ఆ అమ్మాయి మాత్రం నవ్వి, "అన్నా, నిజాం 1800లో మనల్ని ఇంగ్లీషోళ్లకి ఇచ్చేస్తే దత్తమండలాలు అన్నారు, 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్న్యాం, పేరు పెట్టుకుంటే తప్పా?" అనింది. "తప్పు కాదు లేమ్మా, పేరైతే మారింది, వాన మారిందా?" అన్న్యా. అనంతపూర్ అన్నారు, అనంతపురం అన్నారు, అనంతపురము అని బోర్డులు రాసినారు, 515001 మారిందా? నంబరంటే అదీ.

ఆ 47 నంబరే నా కొంప ముంచింది అని కొందరు ప్రచారం చేస్తాండారు కాబట్టి జరిగింది నేనే చెప్తా. క్లయింట్ (పేరు చెప్పను, బాకీలు వసూలు చేసే సంస్థ) కస్టమర్ పేరు తర్వాత 10 బైట్ల మొబైల్ నంబర్ దూర్చమన్నాడు. ఆ అమ్మాయి మొబైల్,*,10,సీహెచ్ అని ఒక్క లైను దూర్చి బ్యాగు తగిలించుకుని ధర్మవరం బస్సు ఎక్కేసింది. నాకేమో నలభై చిల్లర జాబుల్లో (మెయిన్‌ఫ్రేమ్‌కి రాసిచ్చిన పనుల్లో) ఊరి 31ని 41, బాకీ 47ని 57 చెయ్యాల, చేసినా, ఒక్కటి తప్పించుకునింది.

ఆ ఒక్క జాబులో 47 అట్లే ఉంది. ఇప్పుడక్కడ ఉండేది బాకీ కాదు, ఊరి పేరులో ఏడో అక్షరం నుంచి పదకొండో అక్షరం దాకా. ధర్మవరాన్ని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసుకుని లెక్కబెట్టండి, సరిగ్గా "వరం" వస్తాది. మెయిన్‌ఫ్రేమ్ ఎబ్సిడిక్ కోడులో ఒక్కో అక్షరం రెండు సగాల బైటు, ఆ వీ,ఏ,ఆర్,ఏ,ఎం అక్షరాల్లో అంకెలుగా చదివే కింది సగాలు 5,1,9,1,4. చివరి ఎమ్ పై సగం డి, జోన్డ్ డెసిమల్లో అది మైనస్ గుర్తు. అంటే ధర్మవరం వాళ్లందరి బాకీ మైనస్ 51,914, కంపెనీయే వాళ్లకి ఎదురు ఇయ్యాల! అనంతపురం వాళ్లకేమో "పుర్" తర్వాత రెండు ఖాళీలు వచ్చి తలా 74,900 బాకీ పడి లిస్టులో మొదట నిలబడినారు, అందులో మా బామ్మర్ది కూడా ఉన్నాడు. రిటర్న్ కోడ్ మాత్రం సున్నా, అంటే అంతా బాగుందని. సున్నా వచ్చినాక మనిషిని తప్పు పట్టడం ఏ న్యాయం, ఐస్‌మ్యానే ఏమీ అనలేదు కదా.

దేవుడిచ్చిన వరం అని ఆ అమ్మాయి ఒక జోకు వేసింది, నేను నవ్వలేదు.

మేనేజర్ పిలిచి, ఇంక అందరూ సిమ్‌నేమ్స్ వాడాల్సిందే అన్నాడు. పెద్దల మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు, ఆ రాత్రే కూర్చుని నా జాబులన్నిటికీ పేర్లు పెట్టేసినా. అంకెతో మొదలవకూడదని రూలుంది కాబట్టి అక్షరాల్లో రాసినా: నలభై_ఏడు,57,5,జడ్‌డి.

పొద్దున ఆ అమ్మాయి ఆ లైను చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అన్నా, టీకి పోదామా" అనింది.