సవరణ: సీసం లేని సోల్డర్ అతుకు మెరవకపోతే లోపమేనా?

తిరుపతిలో సెల్‌ఫోన్, టీవీ మరమ్మతులు నేర్చుకునేవారి కోసం ఇంతకుముందు రాసిన పోస్టులో, సీసం లేని సోల్డర్‌తో (విడిభాగాలను బోర్డుకు అతికే లోహ మిశ్రమంతో) వేసిన అతుకు మసకగా ఉంటే అది కోల్డ్ జాయింటేననీ, అంటే సోల్డర్ సరిగా కరిగి అంటుకోని అతుకేననీ, మళ్లీ వేడి చేయాలనీ చెప్పాను. అది తప్పు. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న పాత మిశ్రమం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కసారిగా గడ్డకట్టి నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు కొలమానాన్నే సీసం లేని సోల్డర్‌కూ పెట్టాను.

96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి కలిసిన శాక్ 305 అనే సీసం లేని సోల్డర్ సుమారు 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. చల్లారేటప్పుడు తగరపు స్ఫటికాలు ముందుగా కొమ్మలుగా ఏర్పడి, వాటి మధ్య మిగిలిన ద్రవం ఆ తర్వాత గట్టిపడుతుంది కనుక ఉపరితలం గరుకుగా కనిపించడం సహజం. తయారీదారుల సాంకేతిక పత్రాలు ఈ సంగతే చెబుతాయి. తనిఖీకి వాడే ఐపీసీ-ఏ-610 ప్రమాణం కూడా దీన్ని లోపంగా లెక్కించదు. చూడవలసింది సోల్డర్ అనేది బోర్డు మీది రాగి ప్యాడ్‌కూ, విడిభాగం కాలుకూ చక్కగా అంటుకుని అంచుల్లో పలుచగా పరుచుకుందా అన్నది. పదేపదే వేడి చేస్తే రాగికీ తగరానికీ మధ్య ఏర్పడే పెళుసు పొర మందమవుతుంది, ప్యాడ్ బోర్డు నుంచి లేచిపోవచ్చు కూడా.

సరిగా కరగక ముద్దలా నిలిచిన అతుకును మాత్రం ఫ్లక్స్ (లోహంపై ఆక్సైడ్ పొరను తొలగించి సోల్డర్ అంటుకునేలా చేసే పదార్థం) వేసి సరిచేయాల్సిందే; పోస్టులోని ఆ భాగంలో మార్పు లేదు.