దూబగుంట ఆడవాళ్లు దాచలేదు

ఆ ఫొటో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ముందు ఒక టేబుల్, దాని మీద టేపు చుట్టిన గంజాయి ప్యాకెట్లు, వరసగా పేర్చిన సెల్‌ఫోన్లు, వెనకాల ముసుగులేసిన నలుగురు కుర్రాళ్లు, వాళ్ల వెనక పోలీసులు. ఒకరోజు టోల్‌ప్లాజా దగ్గర అంటారు, ఇంకోరోజు రైల్వే స్టేషన్ దగ్గర అంటారు, ఫొటో మాత్రం ఎప్పుడూ అదే. మా పేజీల్లోనూ వేస్తుంటాం. వెయ్యాలి కూడా, సరుకు పట్టుకోవడం చిన్న పనేమీ కాదు. కానీ ఆ ఫొటో చూసి "పోనీలే, పట్టుకున్నారు" అనుకుని పేజీ తిప్పేస్తాం చూడండి, అక్కడే మనం మోసపోతున్నాం. ఆ ప్యాకెట్లు ఎవరి కోసం వస్తున్నాయో ఆ పిల్లలు ఫొటోలో లేరు. మన ఇళ్లల్లోనే ఉన్నారు, వాళ్ల మీద ముసుగు మనమే కప్పాం.

ఈ మధ్య మా ఆఫీసుకి ఒక తల్లి వచ్చారు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. వార్త రాయమని రాలేదు ఆమె, "అయ్యా, మావాడిని ఎక్కడ చూపించాలో మీకు తెలుస్తుందని వచ్చాను, ఎవురికీ తెలీకూడదు" అన్నారు. మాట్లాడిన పావుగంటలో "ఎవురికీ తెలీకూడదు" అన్న మాట ఎన్నిసార్లు అన్నారో. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటే వద్దన్నారు, ఓపీ దగ్గర తెలిసినవాళ్లు కనపడతారట. చెన్నైకి పోదామంటే డబ్బుల్లేవు. పెళ్లికి ఎదిగిన కూతురుంది, ఈ సంగతి బయటికి పొక్కితే సంబంధాలు రావని భయం. కొడుకు కాలేజీకి ఎందుకు పోవడం లేదని చుట్టాలు అడిగితే కామెర్లని చెప్పారట. ఆ కామెర్లకు ఆర్నెల్లు నిండాయి.

ఈ ఆర్నెల్ల గురించే మాకు బాధ. వాడు మొదట తాగినప్పటికీ ఇప్పటికీ మధ్య పోయిన ఈ కాలం వాణ్ణి గంజాయి కన్నా ఎక్కువ దెబ్బతీసింది, ఎందుకంటే వైద్యం సులువుగా అందుకునే రోజులన్నీ ఆ తల్లి అబద్ధాలు చెప్పడానికే ఖర్చుపెట్టాల్సి వచ్చింది. ఆమెను తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. ఆమె స్థానంలో ఉంటే మనలో చాలామంది చేసేది అదే.

గంజాయి మన జిల్లాల్లో పండే పంట కాదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండుతుంది, చెన్నై వైపు పోవాలంటే అటు పదహారో నంబరు హైవే అయినా ఇటు రైలు మార్గమైనా ఒంగోలు, కావలి, నెల్లూరు దాటుకునే పోవాలి. చాలాకాలం మనం ఇది దారిన పోయే సరుకే అనుకున్నాం, మనకేంటిలే అనుకున్నాం. దారిన పోయేది కొంచెం కొంచెం ఇక్కడ దిగడం మొదలుపెట్టింది. దిగింది పెద్ద మూటల్లో కాదు, చిన్న పొట్లాల్లో. ఆ పొట్లాలు అమ్మేది ఎవరో ముక్కూ ముఖం తెలియని రౌడీ అనుకుంటాం. చాలాసార్లు అది నిన్నటిదాకా కొనుక్కుని తాగినవాడే. జేబులో డబ్బులు అయిపోయాక, ఇంట్లో అడిగితే అనుమానం వస్తుందని, పది పొట్లాలు అమ్మిపెడితే తనకొకటి మిగులుతుందని మొదలుపెడతాడు. మొదటి దమ్ము ఫ్రెండ్‌కి ఉచితంగా ఇస్తాడు. ఆ ఫ్రెండ్ రేపు ఇంకొకడికి ఇస్తాడు. ఈ వ్యాపారానికి ప్రచారం అక్కర్లేదు, స్నేహమే దాని ప్రచారం. అందుకే పెద్ద సరుకు ఎంత పట్టుకున్నా, అలవాటు పడ్డవాడికి వైద్యం చేయించకపోతే చిల్లర అమ్మకందారు పుడుతూనే ఉంటాడు.

ఎందుకు మొదలుపెడతారని అడిగితే అందరూ టెన్షన్ అంటారు. నిజమే, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా మార్కులు తప్ప ఇంకోమాట వినపడని రెసిడెన్షియల్ హాస్టళ్లలో మన పిల్లల్ని పెట్టి, ఫోన్ చేస్తే "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది" అని మాత్రమే అడుగుతున్నాం. కానీ టెన్షన్ ఒక్కటే అనుకుంటే తప్పు. చీమకుర్తి రాళ్ల క్వారీల్లో, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాల్లో, రాష్ట్రాలు దాటి తిరిగే లారీల మీద పని చేసేవాళ్లకి ఒళ్లు నొప్పి, నిద్రలేమి, ఒంటరితనం ఉంటాయి. వాళ్లంతా వాడతారని మేం అనడం లేదు, ఆ పనులు అలాంటివి అంటున్నాం. డిగ్రీ అయిపోయి మూడేళ్లు ఖాళీగా ఉన్న కుర్రాడికి టెన్షన్ కన్నా ఖాళీ ఎక్కువ. ఇక కొందరికి కారణమే ఉండదు, పదిమందిలో తానొక్కడే వద్దంటే చిన్నబుచ్చుతారని తాగుతారు, అంతే. పద్దెనిమిదేళ్ల వయసులో అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

"ఆకే కదా, సాధువులు తాగరా, ఏం కాదు" అనే మాట ఒకటి కుర్రాళ్లలో తిరుగుతోంది. అయ్యేది చెప్తాం వినండి. మనిషి మెదడు ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ ఎదిగే వయసులోనే రోజూ గంజాయి తాగితే జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి, ముఖ్యంగా ఇంట్లో మానసిక జబ్బుల చరిత్ర ఉన్నవాళ్లకి, అది అంతటితో ఆగదు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం, లేని మాటలు చెవుల్లో వినపడటం, కన్నతల్లి అన్నంలో ఏదో కలిపిందని కంచం విసిరికొట్టడం. గాలి సోకిందనుకుని ఇంట్లోవాళ్లు గుళ్ల దగ్గరా దర్గాల దగ్గరా నిద్ర చేయిస్తారు. నమ్మకాన్ని మేం కాదనం, కానీ డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి, ఆ జబ్బుకు మందులున్నాయి.

గంజాయి గురించి మాట్లాడుతూ మద్యం సంగతి వదిలేస్తే అది నిజాయితీ కాదు. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, భంగుతో కలిపి గంజాయి జాతి మత్తు వాడేవాళ్లు మూడు కోట్ల పైచిలుకు అని అందులో తేలింది. పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చడం పెద్దల్లో కన్నా పిల్లల్లోనే ఎక్కువ శాతం ఉందని కూడా ఆ సర్వేనే చెప్పింది. మమ్మల్ని ఆపేసిన లెక్క ఇంకొకటుంది. మద్యానికి బానిసలైనవాళ్లలో ముప్పై ఎనిమిది మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా ముప్పై ఏడుమంది ఎక్కడున్నారు? ఇళ్లల్లో ఉన్నారు, "మావాడికి ఒంట్లో బాగాలేదు" అనే మాట వెనక ఉన్నారు.

వైద్యం లేకుండా సరుకు ఒక్కటే ఆపితే ఏమవుతుందో ప్రకాశం జిల్లాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. 2020 జూలై చివర్లో, కరోనా ఆంక్షలతో మందు షాపులు మూతపడినప్పుడు, కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కూలి పనులు చేసుకునేవాళ్లు, అడుక్కుతినేవాళ్లు ఉన్నారు వాళ్లలో. అప్పుడు చాలామంది "బుద్ధి లేకపోతే సరి" అన్నారు. బుద్ధితో పనయ్యే స్థితి దాటిపోయింది కాబట్టే అది తాగారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే అలాంటివాళ్లను గదిలో పెట్టి తాళమేసి మాన్పిద్దామనుకోకండి, డాక్టర్ చూస్తుండగానే మాన్పించాలి. ఆ రోజుల్లో కురిచేడులో ఆ మనుషుల్ని ఆసుపత్రిలో చేర్చి వారం రోజులు చూసే ఏర్పాటు ఉండి ఉంటే అన్న ఆలోచన మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు.

ఇక మన నేల మీదే జరిగిన ఇంకో కథ. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు మొదలయ్యాయి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ అనే ఆవిడ ఊరిలో సారాకి ఎదురు తిరిగిన పాఠం ఒకటుంది. అది చదివి దూబగుంట ఆడవాళ్లు ఊరుకోలేదు, "మన ఊళ్లో మనం ఎందుకు చెయ్యలేం" అని సారా కొట్టు మీదికి పోయారు, మూయించారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు. ఊరి నుంచి ఊరికి పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డం కూర్చున్నారు, చివరికి 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు, ఆ సంగతి అందరికీ తెలిసిందే.

నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. మేం ఆ ఉద్యమంలో ఇవాళ చూస్తున్నది ఒకే ఒక్క సంగతి. ఆ ఆడవాళ్లు దాచలేదు. "నా మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు, కూలి డబ్బులన్నీ సారా కొట్లోనే పోస్తున్నాడు" అని పదిమందిలో పేరుపెట్టి చెప్పుకున్నారు. ఒక్కొక్కరు చెప్పినప్పుడు అది ఒక్కో ఇంటి అవమానం, అందరూ చెప్పాక అది ఊరి సమస్య అయింది. వాళ్లకీ పరువుంది, వాళ్లకీ పెళ్లి కావాల్సిన కూతుళ్లున్నారు. మనం వాళ్లకంటే ఎక్కువ చదువుకున్నాం, ఎక్కువ సంపాదించుకున్నాం, కానీ ఈ ఒక్క విషయంలో ఆ ధైర్యం మనకి లేకుండా పోయింది.

సారాకి ఒక కొట్టుంది, పోయి మూయించారు, గంజాయికి కొట్టు లేదు కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొట్టు లేని సరుకుని పట్టుకోవాల్సింది పోలీసులే. రాష్ట్రంలో దానికోసం ఈగల్ అనే ప్రత్యేక విభాగం ఉంది, 1972 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. అమ్మి బతికేవాడి మీద జాలి అక్కర్లేదు. కానీ అమ్మేవాణ్ణీ అలవాటు పడ్డవాణ్ణీ ఒకే గాటన కట్టేస్తున్నాం, అందులో మా పత్రికల తప్పు కూడా ఉంది. "గంజాయి బ్యాచ్ హల్‌చల్" అని హెడ్డింగ్ పెట్టినప్పుడు, దాన్ని చదివి తన కొడుకు గురించి ఇంకాస్త లోతుగా దాచేసుకునే తల్లి ఒకరుంటారని మేం ఆలోచించలేదు. ఆ మాట ఇకమీదట జాగ్రత్తగా వాడతాం.

కేసు పెడతారేమో అనే భయం ఇంకొకటి. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడిన మనిషి వాడకం కేసులోగానీ, చిన్న మోతాదు దొరికిన కేసులోగానీ ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రికో ప్రభుత్వం గుర్తించిన కేంద్రానికో వైద్యానికి వచ్చి చేయించుకుంటే అతన్ని ప్రాసిక్యూట్ చెయ్యకూడదు. మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. డాక్టర్‌కి చెప్పుకున్న విషయం గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది. అదే చట్టం మనిషిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది, కాబట్టి ఎక్కడో తోటలో షెడ్డు వేసి, కొట్టి మాన్పిస్తామనేవాళ్ల చేతికి పిల్లల్ని అప్పగించకండి. గంజాయి మాన్పించడానికి ప్రత్యేకంగా ఒక మాత్రంటూ లేదు. మొదటి రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి ఉండదు, వాటికి మందులిస్తారు, మిగతాదంతా కౌన్సెలింగూ ఇంట్లోవాళ్ల ఓపికా. మానేసినవాడు మళ్లీ ఒకసారి తాగితే "అయిపోయింది, వీడు మారడు" అని వదిలేస్తారు చాలామంది. షుగర్ మళ్లీ పెరిగితే నాన్నకి మందులు ఆపేస్తామా? మళ్లీ తీసుకెళ్తాం.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద పెద్ద ర్యాలీలు కాదు. మత్తుమందుల వ్యతిరేక దినమని జూన్ 26న బ్యానర్ పట్టుకుని నడిచి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో దిగి ఇళ్లకు పోతే ఆ పిల్లల్లో ఒక్కడికి కూడా ఎక్కడికి పోవాలో తెలియదు. ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లోనే కాదు, కనిగిరి, మార్కాపురం, కావలి, ఆత్మకూరు లాంటి చోట్ల కూడా వారానికి రెండు సాయంత్రాలైనా మానసిక వైద్యుడు కూర్చోవాలి. సాయంత్రం అని ఎందుకంటున్నామంటే పొద్దున ఓపీకి రావాలంటే కూలి పోతుంది, కాలేజీ పోతుంది. ఆ గది మీద పెద్దక్షరాలతో బోర్డు కూడా వద్దు. జ్వరానికి వచ్చినవాళ్లు, బీపీకి వచ్చినవాళ్లు కూర్చునే వరండాలోనే వీళ్లూ కూర్చోవాలి. బోర్డు చూసి గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగిపోయేవాళ్లు ఎంతమందో ఆసుపత్రి రిజిస్టర్‌లో ఎప్పటికీ కనపడరు. ఈలోగా ఫోన్ అయినా చెయ్యండి, మత్తు అలవాట్లకు జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకు టెలిమానస్ 14416.

సారా ఉద్యమం మన జిల్లాకి ఇంకొకటి కూడా ఇచ్చిపోయింది, పొదుపు సంఘాలు. సారాకి పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపులక్ష్మి పేరుతో మొదలైన ఆ సంఘాలు ఇవాళ వీధి వీధికీ ఉన్నాయి, ప్రతి నెలా ఆడవాళ్లు కూర్చుంటున్నారు. మా ఆఫీసుకొచ్చిన ఆ తల్లి కూడా ఒక సంఘంలో ఉన్నారు. అక్కడ మాత్రం ఎప్పుడూ చెప్పలేదట.

వచ్చే నెల మీటింగులో కిస్తీల లెక్క అయిపోగానే లేచిపోకండి, ఒక పది నిమిషాలు ఆగండి. ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఆమెను "మీవాడు కూడానా" అని అడక్కండి, "ఆసుపత్రికి ఎప్పుడు పోదాం, నేనూ వస్తా" అని అడగండి.