వైనులో రాయి తగలడం లేదా?

మన ఇళ్లలో అన్నం తింటుంటే పంటికింద రాయి పడితే, బియ్యం ఏరినవారి నుంచి వండినవారి దాకా అందరికీ అక్షింతలే. ఫ్రాన్సులోని శాబ్లీ అనే ఊరి తెల్ల వైను తాగుతుంటే రాయి తగిలినవాడు మాత్రం కళ్లు మూసుకుని తల పంకిస్తాడు. తగలకపోతే తప్పు నాలుకది. అసలు రాయి రుచి ఎలా ఉంటుందని అడిగే పామరుల కోసం రాసింది కాదీ వ్యాసం.

శాబ్లీ పారిస్‌కు ఆగ్నేయంగా, సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, సెరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. పేరుకు బర్గండీయే గానీ, ఆ ప్రాంతపు వైను రాజధాని బోన్ కంటే షాంపేన్ తోటలే దీనికి దగ్గర. శాబ్లీ అనిపించుకోవాలంటే ద్రాక్ష షార్డొనేనే కావాలి. దాని వేళ్ల కింద సున్నపురాయి, బంకమట్టి, వాటి నిండా కామా ఆకారంలో చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అది సముద్రపు అడుగు. ఆ చిప్పల సారం వేళ్లగుండా పైకెక్కి గ్లాసులోకి దిగుతుందని రసజ్ఞుల సిద్ధాంతం. వేళ్లు పీల్చేది నీళ్లలో కరిగిన లవణాలనే తప్ప రాతి రుచిని కాదని అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏళ్లుగా మొత్తుకుంటున్నాడు. భూగర్భ శాస్త్రవేత్తకు రాళ్ల గురించి ఏం తెలుసు?

ఈ రాతి పొరను కిమ్మెరిడ్జియన్ అంటారు. ఆ పేరు ఇంగ్లండులో డోర్సెట్ తీరాన ఉన్న ఓ పల్లెటూరి నుంచి వచ్చింది. ఈ సంగతి ఫ్రెంచివారి భోజనాల బల్ల దగ్గర ఎత్తకపోవడం అతిథి ధర్మం.

1938లో శాబ్లీ పేరుకు చట్టం రక్షణ కల్పించింది. చట్టం వచ్చాక తగాదా రాకుండా ఉంటుందా? కొండల పైభాగాన పోర్ట్‌లాండియన్ అనే మరో రాయి ఉంది, వయసులో కాస్త చిన్నది. దాని మీద పండినదాన్ని కూడా శాబ్లీ అనవచ్చా అని రైతులు రెండు సంఘాలుగా చీలిపోయారు. విలియం ఫేవ్ర్ వర్గం అసలు రాయి దాటితే ఒప్పుకోమంది. జాఁ డ్యురుప్ వర్గం కొండవాలూ వాతావరణమూ బాగుంటే చాలదా అంది. చివరికి తోటలు పెరిగాయి. రాయి మహిమ మాత్రం తగ్గలేదు.

నిజానికి నాలుకకు రాయిలా తగిలే ఆ పదునైన పులుపు చాలామటుకు చలి పుణ్యం. అక్కడ ఏప్రిల్ రాత్రుల్లో చిగుళ్లు మాడిపోకుండా వాటిపై నీళ్లు చల్లి గడ్డ కట్టిస్తారు. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి చిగురును కాస్తుంది. అంత కష్టపెట్టే చలికి సీసా మీద చోటు లేదు. ఎందుకుంటుంది? చలిని ఎవరి పేరునా రిజిస్టరు చేయించలేం. రాతినేలను చేయించుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కొడుకులకు పంచవచ్చు, తోటలకు గ్రాఁ క్రూ, ప్రెమియే క్రూ అని అంతస్తులు కట్టవచ్చు. అన్నిటికన్నా పై అంతస్తైన గ్రాఁ క్రూ అంతా కలిపి నది కుడి గట్టున ఒకే కొండ, సుమారు 100 హెక్టార్లు.

ఇంత కులీనమైన వైనుకు వంశవృక్షం కూడా చూద్దామని 1999లో శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ పరీక్షించారు. షార్డొనే తల్లిదండ్రుల్లో ఒకరు పినో, మచ్చలేని సంబంధం. రెండోది గ్వే బ్లాన్, పెద్దలు చీదరించుకున్న పేదరైతుల ద్రాక్ష. రసజ్ఞులు ఆ ఫలితాన్ని గౌరవంగా పక్కన పెట్టి మళ్లీ రాయి దగ్గరకు వచ్చారు.

అమెరికావాళ్లు అంత శ్రమ కూడా పడలేదు. కాలిఫోర్నియాలో గులాబీ రంగు వైనుకు సైతం శాబ్లీ అని పేరు పెట్టి అమ్మారు. 2006లో ఇలాంటి పేర్ల విషయమై యూరప్‌తో ఒప్పందం కుదిరినా, అప్పటికే వాడుకలో ఉన్న లేబుళ్లను కొనసాగనిచ్చారు. ఆ తాగేవాళ్లెవరూ రాయి ఏదని అడిగినట్టు లేదు.

ఇక భోజనం. పచ్చి ఆల్చిప్పలతో శాబ్లీ తాగాలన్నది శాసనం, ఎందుకంటే కిందా ఆల్చిప్పలే, పైనా ఆల్చిప్పలే. పులుపు కోసమైతే నిమ్మకాయ పిండినా ఆ పని జరుగుతుంది గానీ నిమ్మకాయకు గ్రాఁ క్రూ లేదు. మేకపాల చీజ్, వెల్లుల్లి వెన్నలో వండిన నత్తలు కూడా బాగా కుదురుతాయి. స్థానికులకు ప్రాణం మాత్రం ఆందుయెట్, అంటే పంది పేగులతో చేసే సాసేజ్. దాని నాణ్యతకు వరసగా అయిదు ‘ఏ’లు ప్రసాదించే అభిమానుల సంఘం ఒకటి నిజంగానే ఉంది. ఆ సాసేజ్ వాసన బల్ల మీదికి చేరగానే శాబ్లీ గ్లాసును ముక్కుకు ఆనించి పెట్టుకోండి. అందులో రాయి ఉన్నా లేకున్నా ఆ క్షణంలో ఎవరూ పట్టించుకోరు.