"మాత్రలు వేసుకున్నావుగా, ఆలస్యమవుతుందిలే"

నిన్న రాత్రి మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది. పిల్ల గొంతులో భయం కంటే మొహమాటమే ఎక్కువ. వరలక్ష్మీ వ్రతానికి అడ్డు రాకుండా డేట్ వాయిదా మాత్రలు వేసుకుందట. ఆపేసి 12 రోజులైంది, ఇంకా రాలేదు. "వాంతులేం లేవు వదినా, అదైతే కాదులే" అని తీర్పు కూడా తనే చెప్పేసింది. వెనక నుంచి మా అమ్మ గొంతు: "మాత్రలు వేసుకుందిగా, ఆలస్యమవుతుందిలే."

ఈ మాట మీద నాకు తొమ్మిదేళ్ల కోపం ఉంది.

మా ఆడపడుచు పెళ్లి. పెద్ద కోడల్ని కాబట్టి గౌరీపూజ దగ్గర అన్నీ అందించాల్సింది నేనే. ఆ రోజుల్లోనే నా డేట్. మెడికల్ షాపుకెళ్లి మాత్రలు తెచ్చింది మా ఆయన, చీటీ లేదు, ప్రశ్న లేదు. పెళ్లయింది, మాత్రలు ఆపాను, రాలేదు. సాయంత్రం ఏడింటికే కళ్లు మూతలు పడేవి. ఇంగువ పోపు వేస్తే వంటగదిలోంచి పారిపోయేదాన్ని. బస్సులో పక్కామె తలలో మల్లెపూలు కూడా పడేవి కాదు. రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేచేదాన్ని. పెళ్లి అలసట అన్నారు, ఎండలన్నారు, మా మామగారైతే షుగర్ చూపించుకోమన్నారు. నేనేమో గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్రలు మింగుతూ కూర్చున్నా. వాంతి ఒక్కటీ కాలేదు మరి!

నెల తర్వాత డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "లాస్ట్ పీరియడ్ మొదటి రోజు ఎప్పుడమ్మా?" నాకు గుర్తు లేదు. పక్కనున్న అత్తగారు ఠక్కున, "ఉగాది వెళ్లిన నాలుగో రోజు బయట చేరిందండీ" అన్నారు. లెక్కేస్తే తొమ్మిదో వారం. అంటే ఆ మాత్రలు మొదలుపెట్టేనాటికే నా బిడ్డ కడుపులో పడి ఉంది.

నా తేదీ మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది అత్తగారికి. దేవుడి గదిలోకి వెళ్లొచ్చా, పచ్చడి జాడీ ముట్టుకోవచ్చా అన్నంతవరకే ఆ లెక్క. నెల తప్పితే మాత్రం అదే లెక్క ఎవరికీ పనికిరాలేదు. ఆవిడ కూడా వాంతి కోసమే చూస్తున్నారు.

ఈ వాంతి పిచ్చి సినిమాలు పెట్టింది. హీరోయిన్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పరిగెడుతుంది, డాక్టర్ నాడి పట్టుకుని "శుభవార్త" అంటాడు. నాడి చూసి కడుపు చెప్పలేరండీ. వేవిళ్లు చాలామందికి ఆరో వారం దగ్గర మొదలవుతాయి. వారాలు లెక్కపెట్టేది కిందటి పీరియడ్ మొదటి రోజు నుంచి కాబట్టి, నెలనెలా సరిగ్గా వచ్చేవాళ్లకి డేట్ తప్పిన రోజుకే నాలుగు వారాలు. ఆ వాంతి కోసం కూర్చుంటే ఇంకో రెండు వారాలు పోతాయి. కొందరికి తొమ్మిది నెలలూ వేవిళ్లే ఉండవు. ఇక రొమ్ముల సలుపు, ఉబ్బరం, నీరసం, పొత్తికడుపులో లాగినట్టుండటం... ఇవి డేట్ వచ్చే ముందు కూడా ఉండేవే. రెండు చోట్లా పని చేసేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోనే, ఒళ్లు తేడా ఎలా చెబుతుంది?

వాయిదా మాత్రలు ఆపాక మామూలుగా రెండు మూడు రోజుల్లో వచ్చేయాలి. వారమైనా రాలేదంటే "ఆలస్యం" అనే మాట పక్కన పెట్టి టెస్ట్ చేసుకోవాలి. అసలు అవకాశం ఉన్నవాళ్లు ఆ మాత్రలు మొదలుపెట్టే ముందే చూసుకోవాలి, అదీ డాక్టర్ని అడిగాకే. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం ఆరో వారానికల్లా మూసుకుంటుంది. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే మొదలెట్టమనేది అందుకే. నేను తొమ్మిదో వారంలో మొదలెట్టా. దేవుడి దయ, పాప బాగానే ఉంది. కానీ ఆ స్కాన్ దాకా నేను పడ్డ నరకం నాకే తెలుసు.

ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ కొనడానికి సిగ్గు, వాళ్లు దాన్ని పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టివ్వడం అదో పెద్ద తంతు. షాపుకెళ్లలేకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, ప్రభుత్వం ఇచ్చే నిశ్చయ్ కిట్ ఉచితం. పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకోండి. కవర్ మీద రాసిన నిమిషాల్లోపే చూడండి, మధ్యాహ్నం చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే గీత లెక్కలోకి రాదు. ఒక గీతే వచ్చి, డేట్ మాత్రం ఇంకా రాకపోతే వారం ఆగి మళ్లీ చూసుకోండి. పీసీఓడీ ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు "నాకు డేట్లు ఎలాగూ సరిగా రావు" అని వదిలేయకండి. బాలింతకు మళ్లీ బయట చేరకుండానే కడుపు నిలబడొచ్చు.

మా తోటికోడలి సంగతి చెప్పకుండా ఇది ముగించలేను. డేట్ దాటిన వారానికి కొంచెం మరకలా కనిపించింది. హమ్మయ్య వచ్చేసింది అనుకుంది. తర్వాత ఒక పక్కన పొడిచినట్టు నొప్పి, భుజంలో నొప్పి, కళ్లు తిరగడం. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంది, అది పగిలింది. రాత్రికి రాత్రి ఆపరేషన్ చేసి బతికించారు. రెండు గీతలు కడుపు ఉందనే చెబుతాయి, ఎక్కడ ఉందో స్కానే చెప్పాలి. వద్దనుకుని షాపులో అబార్షన్ మాత్రలు తెచ్చుకునేవాళ్లు కూడా ఇది వినండి. ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. పెళ్లి కాని అమ్మాయికైనా డాక్టర్ దగ్గర అబార్షన్ చేయించుకునే హక్కు చట్టంలో ఉంది, సుప్రీంకోర్టు 2022లో ఆ మాట స్పష్టంగా చెప్పింది.

ఇదంతా రాత్రే మరదలికి చెప్పి, తమ్ముణ్ని తిట్టి, కిట్ తెప్పించా. మా అమ్మ అలిగింది, అది వేరే కథ.

ఈ పోస్ట్ రాస్తుండగానే ఫొటో వచ్చింది. "రెండో గీత బాగా లేతగా ఉంది వదినా, ఇది లెక్కలోకి వస్తుందా?"

వస్తుందే పిల్లా. ఉండు, ఫోన్ చేస్తున్నా.