పైనుంచి చెప్పారు

విజయవాడలో ఎవరైనా ధర్నా తలపెట్టినప్పుడల్లా గుంటూరులో పాల ప్యాకెట్ కంటే ముందు కానిస్టేబుల్ గుమ్మంలోకి వచ్చే సంప్రదాయం మీద మన విశ్వవిద్యాలయాలు ఇంతవరకూ ఒక్క సిద్ధాంత గ్రంథమైనా వెలువరించకపోవడం విచారకరం. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ పెట్టుకున్న వాతావరణ శాఖ కూడా వాన ఏ వీధిలో పడుతుందో చెప్పలేదు. మన పోలీసు శాఖ మాత్రం రేపు పదిన్నరకు అలంకార్ సెంటర్ పక్కన ధర్నా చౌక్‌లో ఏ పౌరుడికి కోపం రాబోతున్నదో ముందురోజు రాత్రికే పసిగట్టి, ఆ కోపం చెప్పులు వేసుకొని బస్టాండుకు బయలుదేరేలోగా బ్రాడీపేటకో నల్లపాడుకో, ఇల్లు కదలనివ్వకుండా కాపలాకు మనిషిని పంపేస్తుంది. మనిషి వస్తాడు, లాఠీ వస్తుంది, ఒక్కోసారి జీపు కూడా వస్తుంది. కాగితం మాత్రం రాదు.

గుమ్మంలో నిలబడిన ఆ కానిస్టేబుల్‌ను "ఏ సెక్షన్ కింద వచ్చారు బాబూ" అని అడిగి చూడండి. ఆయన ఇబ్బందిగా నవ్వి, "పైనుంచి చెప్పారండీ" అంటారు. ఎస్సై గారిని అడిగితే ఆయనకూ పైనుంచే చెప్పారు. సీఐ, డీఎస్పీ, ఎస్పీ గార్ల మీదుగా ఎక్కుతూ పోతే దారి మంగళగిరిలోని పోలీసు ప్రధాన కార్యాలయం చేరి, అక్కడినుంచి వెలగపూడి సచివాలయం వైపు తిరుగుతుంది. వెలగపూడిలో విలేకరులు అడిగితే, శాంతిభద్రతల వ్యవహారం పూర్తిగా పోలీసులు చూసుకుంటారనీ, అందులో ప్రభుత్వ జోక్యం ఉండదనీ మంత్రివర్యులు గంభీరంగా సెలవిస్తారు. అంటే ఆ ఆదేశాన్ని కింద ఎవరూ ఇవ్వలేదు, పైన ఎవరూ ఇవ్వలేదు, మధ్యనున్నవారు మోసుకొచ్చారంతే. పురాణాలన్నీ గాలించినా అయోనిజులు ఏ కొద్దిమందో దొరుకుతారు; మన జిల్లాలో ఎవరు ఛలో విజయవాడ అన్నా ఒక అయోనిజమైన ఆదేశం పుడుతూనే ఉంటుంది.

మచ్చుకు ఒక ఇల్లు తీసుకుందాం. అంగన్‌వాడీ టీచరమ్మ ఇల్లు అనుకోండి. తెల్లవారి ఐదింటికి వచ్చిన కానిస్టేబుల్‌కు, ఎంతైనా ఇంటికొచ్చిన మనిషి కాబట్టి, ఆమె కుర్చీ వేసి టీ ఇస్తుంది. "ఈరోజు మీరు బయటికి వెళ్లకూడదు టీచరమ్మా" అని ఆయన ఆ టీ తాగుతూనే చెబుతారు. "వెళ్లను గాని బాబూ, పాలు తెచ్చుకోవాలి గదా" అని ఆమె అంటే, పాలకు అనుమతి ఉందో లేదో ఆయన ఫోన్ చేసి కనుక్కుంటారు. పాలకు అనుమతి లభిస్తుంది. కూరగాయల సంగతి పరిశీలనలో ఉంటుంది. ఆమె ముందూ, పది అడుగుల వెనుక ఆయనా, వీధి వీధంతా కిటికీల్లోంచి చూస్తుండగా పాల బూత్ దాకా ఊరేగింపుగా వెళ్లి వస్తారు. (ఊరేగింపులకు ఆరోజు జిల్లాలో అనుమతి లేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టదు.) ఆమె ఇంట్లోనే ఉన్నదనడానికి రుజువుగా గంటకొక ఫొటో తీసి స్టేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. తొమ్మిదింటికి ఉప్మా తింటున్న టీచరమ్మ, పదింటికి బట్టలు ఆరేస్తున్న టీచరమ్మ, పదకొండింటికి అత్తగారి మోకాళ్లకు నూనె మర్దిస్తున్న టీచరమ్మ. పెళ్లినాడు కూడా ఆమెను ఇంత శ్రద్ధగా ఎవరూ ఫొటోలు తీయలేదు. మధ్యాహ్నం డ్యూటీ మారుతుంది. వెళ్లే కానిస్టేబుల్ వచ్చే కానిస్టేబుల్‌కు ఇంటిని అప్పగిస్తే, ఆయన లోపలికి తొంగి చూసి సరుకు సరిచూసుకుంటారు: టీచరమ్మ ఒకరు, సరిపోయింది. అత్తగారు ఇక ఆగలేక, "ఏమయ్యా అబ్బాయ్, మా కోడలు ఏం నేరం చేసిందని ఈ కాపలా" అని నిలదీస్తే, "ఇంకా ఏమీ చేయలేదు మామ్మగారూ, అందుకే వచ్చాం" అని ఆయన వినయంగా విన్నవించుకుంటారు. ముందస్తు నిర్బంధం గురించి ఇంత సూటైన భాష్యం ఏ న్యాయశాస్త్ర గ్రంథంలోనూ దొరకదు. ఆ కానిస్టేబుల్ కూతురు ఆ టీచరమ్మ దగ్గరే పాటలు నేర్చుకుంటోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.

చట్టంలో దీనికి చోటెక్కడుందో చూద్దాం. పాత నేర విచారణ స్మృతిలో 149, 151 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అవే 168, 170 అయ్యాయి. మొదటిది, నేరం జరగకుండా పోలీసు అధికారి అడ్డుపడవచ్చునంటుంది. రెండోది, మరో విధంగా ఆపడం సాధ్యం కాదనుకుంటే అరెస్టు చేయవచ్చు గాని, ఆ కారణం మీద 24 గంటలకు మించి ఉంచరాదంటుంది. మనిషిని సొంత ఇంట్లోనే ఉంచి, వసారాలో కుర్చీ వేసుకొని కూర్చునే అధికారం వీటిలో ఏ వాక్యంలో ఉన్నదో ఆ శాఖవారే చూపాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, స్టేషన్ రికార్డులో రాయాలి. వసారాలో టీ తాగితే ఏదీ రాయనక్కరలేదు.

బయటికి వెళ్లలేని టీచరమ్మ, కనీసం విజయవాడలో ఏం జరుగుతోందో చూద్దామని టీవీ పెడుతుంది. ఆమెకు కావలసిన ఛానల్ రాదు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అంటాడు. గట్టిగా అడిగితే అతనూ గొంతు తగ్గించి, పైనుంచి చెప్పారు మేడమ్ అంటాడు. ఈ విషయంలో మన రాష్ట్రం సాధించిన ప్రగతిని అంకెల్లో చెప్పుకోవచ్చు. 2016 జూన్‌లో కాపు రిజర్వేషన్ల కోసం ముద్రగడ పద్మనాభం చేసిన దీక్ష సమయంలో సాక్షి ఒక్కటే ఆగింది. 2019లో ప్రభుత్వం మారాక టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, రెండు ఆగాయి. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారేసరికి టీవీ9, ఎన్టీవీ, 10టీవీ, సాక్షి, నాలుగు ఛానళ్లు చాలాచోట్ల కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. ఒకటి, రెండు, నాలుగు. పదో తరగతి పిల్లలకు గుణశ్రేఢి బోధించడానికి ఇంతకు మించిన ఉదాహరణ పాఠ్యపుస్తకంలో లేదు. సామాన్య నిష్పత్తి రెండు. ఈ లెక్కన 2029లో ఎనిమిది, 2034లో పదహారు ఆగుతాయి, ఆపైన భక్తి ఛానళ్లూ వంటల ఛానళ్లూ మిగులుతాయి, రాష్ట్రం పులిహోర మీద ఏకాభిప్రాయంతో వర్ధిల్లుతుంది. 2019లో ఆగినవారు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లారు. 2024లో టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ప్రసారాలు పునరుద్ధరించాలని ఉత్తర్వు తెచ్చుకుంది, అధికార పక్షం తనకేమీ సంబంధం లేదన్నది. తనకు గిట్టని ఛానల్ ఆగిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి, తనది ఆగినప్పుడు మాత్రం రాజ్యాంగం కొనుక్కొచ్చి భావ ప్రకటన స్వేచ్ఛనిచ్చే 19వ అధికరణ వెతికే అభిమానుల గురించి రాయడం సిరా దండగ.

ఒకప్పుడు ప్రభుత్వాలకు ఇంత తెలివి ఉండేది కాదు. పాపం, అన్నీ కాగితం మీద పెట్టేవి. 1861 నాటి పోలీసు చట్టాన్ని తెల్లదొర అచ్చు వేయించాడు. ఇప్పటికీ మన జిల్లాల్లో, సభలనూ ఊరేగింపులనూ కట్టడి చేసే సెక్షన్ 30 అమల్లో ఉందని ప్రకటిస్తారే, అది ఆ చట్టంలోదే. 1878లో దేశభాషా పత్రికల నోరు కట్టడానికి చేసిన చట్టాన్నీ దాచుకోలేదు. మనవాళ్లూ ఆ బాటలోనే నడిచి, పత్రికల మీద కేసులు పెట్టే అధికారాన్ని అధికారులకు కట్టబెడుతూ 2007లో జీవో 938 ఇచ్చారు, నిరసన రేగాక పక్కన పెట్టారు. 2019 అక్టోబరులో దాన్నే మెరుగుపెట్టి జీవో 2430 ఇచ్చారు. 2022 డిసెంబరు 28న కందుకూరులో తొక్కిసలాటలో ఎనిమిది మంది, 2023 జనవరి 1న మన గుంటూరులోనే ముగ్గురు మహిళలు చనిపోతే, ఆ మర్నాడే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చారు. ఆ చావులు నిజం, ఆ సభల నిర్వాహకుల నిర్లక్ష్యమూ నిజం. దానికి మందుగా రాష్ట్రమంతటా వీధులకు తాళం వేయబోతే, 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

దీన్నుంచి ఏలినవారు నేర్చుకున్న పాఠం, జనాన్ని ఆపకూడదని కాదు, రాసి ఆపకూడదని. 144వ సెక్షన్ కింద ఇచ్చే ఉత్తర్వులను ప్రచురించాలనీ, అప్పుడే బాధితులు సవాలు చేయగలుగుతారనీ కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును మన అధికారులు ఎంతో శ్రద్ధగా చదివినట్టున్నారు. ప్రచురిస్తే సవాలు చేస్తారన్న ముక్క దగ్గర పుస్తకం మూసేశారు. కాగితం ఉన్నచోట ఏమవుతుందో వారికి ఎదురుగానే కనిపిస్తోంది. 2025 జూన్‌లో ఒక టీవీ చర్చలో అమరావతి మహిళల గురించి ఒక విశ్లేషకుడు నీచమైన మాట అంటే, చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును తుళ్లూరు పోలీసుల కేసులో అరెస్టు చేశారు. మాట అన్నది ఒకరు. ఈయన నవ్వారన్నది అభియోగాల్లో ఒకటి. అరెస్టుకు కాగితం ఉంది గనుక అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, నాలుగో రోజుకే విడుదల చేయమన్నారు. అదే ఆయన ఇంటి వసారాలో ఎవరైనా టీ తాగుతూ కూర్చుని ఉంటే ఏ ధర్మాసనం ఏం చేయగలిగేది?

ఇది ఫలానా పార్టీ విద్య అని ఎవరూ పేటెంటు అడగడానికి వీల్లేదు. కిర్లంపూడిలో ముద్రగడను గడప దాటనివ్వని ప్రభుత్వాన్ని నడిపిన నాయకుడి ఉండవల్లి ఇంటి గేటుకు, 2019 సెప్టెంబరులో ఛలో ఆత్మకూరు రోజున తాళ్లు కట్టారు. ఆ తాళ్లు కట్టించిన ప్రభుత్వాధినేత 2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి యార్డుకు వచ్చి రైతులతో మాట్లాడితే, ఎన్నికల నియమావళి పేరిట కేసు పెట్టారు. తిలా పాపం తలా పిడికెడు. తాడు అదే, గేటే మారుతుంది.

కాని నాయకుల సంగతి వదిలేయండి. వాళ్ల గేటు ముందు కెమెరాలుంటాయి, వకీళ్లుంటారు, అయిదేళ్లకోసారి వంతు వస్తుంది. వంతు ఎప్పటికీ రానివాళ్ల సంగతి మాట్లాడదాం. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. వాళ్లు గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. అది అమలు చేయమన్నారు, బతకడానికి చాలినంత జీతమిమ్మన్నారు. 2024 జనవరి 6న వాళ్ల మీద, అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. ఏడు వేలు ఇచ్చేటప్పుడు అది జీతం కాదు, గౌరవ వేతనం. వాళ్లు ఉద్యోగులు కారు, సేవకులు. రోడ్డెక్కగానే అది ఒక్కరోజు కూడా ఆగకూడని అత్యవసర సర్వీసు! అంత అత్యవసరమైతే అందుకు తగ్గ జీతం ఇవ్వడానికి మీకు ఏ చెయ్యి అడ్డం వచ్చింది? జనవరి 22న ఛలో విజయవాడ అంటే, తెల్లవారకముందే ధర్నా చౌక్‌లో దీక్షలో ఉన్న ఆడవాళ్లను లాగి వ్యాన్లలో ఎక్కించారు. ఊళ్లలో పసిపిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టే ఆడవాళ్లు వాళ్లు. వాళ్లకు భయపడి కాజ టోల్ ప్లాజా నుంచి వారధి దాకా, ప్రకాశం బ్యారేజీ దాకా బస్సులు వెతికించారు. 1928లో మద్రాసు వీధిలో తుపాకీకి రొమ్ము చూపి, స్వరాజ్య పత్రిక నడిపిన మనిషి పేరు పెట్టిన బ్యారేజీ మీద నిలబడి, ఆడవాళ్ల చేతిసంచుల్లో ఎర్రచీర ఉందేమోనని తడమడానికి సిగ్గుండాలి. 42 రోజుల తర్వాత చర్చలకు కూర్చున్నారు. ఆ కూర్చునేదేదో మొదటి రోజే కూర్చోవడానికి ఎవరు అడ్డుపడ్డారో కూడా, బహుశా, పైనుంచే చెప్పి ఉంటారు.

ఈ కాపలా పనిచేసిందా అంటే అదీ లేదు. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) మీద ప్రభుత్వ ఉద్యోగులు ఛలో విజయవాడ పెట్టినప్పుడు దారులన్నీ మూసినా, వేషాలు మార్చుకొని మరీ వచ్చి బీఆర్‌టీఎస్ రోడ్డు నింపేశారని మర్నాటి పత్రికలు రాశాయి.

కనుక మీ గుమ్మంలోకి ఈసారి కానిస్టేబుల్ వచ్చినప్పుడు ఆయన మీద అరవకండి. ఆయనకు సెలవు దొరికి ఎన్నాళ్లయిందో. టీ ఇవ్వండి, ఒక తెల్లకాగితం కూడా ఇచ్చి, ఏ సెక్షన్, ఎవరి ఆదేశం, ఎన్ని గంటల వరకు అన్నది రాసి సంతకం పెట్టమనండి. రాయరు. రాయలేదన్న సంగతిని తేదీ, సమయం వేసి మీరే రాసుకోండి, గంటగంటకూ ఆయన మిమ్మల్ని ఫొటో తీస్తారు గదా, మీరూ ఆయన్ను ఒకటి తీసుకోండి. మర్నాడు పది రూపాయల రుసుము కట్టి, ఆరోజు మీ ఇంటికి కాపలా పెట్టమని ఇచ్చిన ఉత్తర్వు నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద ఎస్పీ కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లోగా వాళ్లు జవాబివ్వాలి. అటువంటి ఉత్తర్వు ఏదీ జారీ కాలేదని రాస్తారు, కింద సంతకమూ ముద్రా వేస్తారు. హైకోర్టులో రిట్ వేయడానికి ఆ కాగితం చాలు.